అన్నయ్యకి పెట్టిన టైర్లు

మొన్న బుధవారం పొద్దున్న బస్టాండు పక్క సందు మొదట్లో పువ్వులమ్మే ఆవిడ ముందు నిలబడి మల్లెపూలు మూర వేయించుకుంటున్నాను. నా వెనకాల ఏదో పెద్ద కారు సందులోకి తిరిగింది. స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటున్నప్పుడు దాని పొట్ట కిందనుంచి ఒక మూలుగు వచ్చింది. బ్రేకు కీచుమనడం కాదది, హారనూ కాదు. ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదె మూలిగినట్టు, లోపలినుంచి వచ్చే మూలుగు. మలుపు అయిపోగానే ఆగిపోయింది. నేను చటుక్కున వెనక్కి తిరిగి ‘అన్నయ్యా’ అనబోయాను. అనలేదు లెండి, పెదవి దాకా వచ్చి ఆగింది. కారులో ఎవరో ముక్కూ మొహం తెలియని మనుషులు. పువ్వులమ్మే ఆవిడ దండ తుంచడం ఆపి, తెలిసినవాళ్ళా అమ్మా అని అడిగింది. మూడేళ్ళ కిందట పోయిన మనిషిని నడిబజార్లో కేకెయ్యబోయానని ఆవిడకేం చెబుతాను? కాదన్నట్టు తలూపి, పూలు సంచీలో వేసుకుని ఇంటిదారి పట్టాను. దారి పొడుగునా ఆ మూలుగు చెవిలోనే ఉంది.

ఆ మూలుగు మొదటిసారి విన్న వేసవి దాటాకే మా అన్నయ్య నన్ను కొండకి తీసుకెళ్ళడం మానేశాడు. అంతకు ముందు రెండేళ్ళు, ఆయన కారులో డ్రైవరు పక్కనున్న ముందు సీటు నాది. అందులో ఇంకెవరు కూర్చున్నా నాకు ఒళ్ళు మండేది. అలాంటిది ఉన్నట్టుండి నన్ను దింపేశాడు. ఎందుకు దింపాడో చెప్పలేదు. చెల్లెలు బరువైపోయిందనుకున్నాను, అలిగాను. నిజం తెలిసేసరికి సంజాయిషీ చెప్పుకోవడానికి ఆ మనిషి లేడు. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా అన్నయ్య గురించీ, ఆయన బండి గురించీ చెప్పాలి. ఆ రెండింటినీ విడదీసి చెప్పడం నావల్ల కాదు.

మా అన్నయ్య పశువుల డాక్టరు. చోడవరం, చీడికాడ, రావికమతం, ఈ చుట్టుపక్కలే తిరుగుతూ ముప్ఫై ఏళ్ళ పైన ఉద్యోగం చేశాడు. వదిన చాలా ముందే పోయింది. పిల్లలు లేరు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక్కడూ ఉండేవాడు. రిటైరైన రోజున దండవేసి, శాలువా కప్పి, ఆఫీసువాళ్ళు ఇంటిదాకా దిగబెట్టి వెళ్ళారు. మర్నాడు పొద్దున్నే చూస్తే మనిషి మందుల ఐసుడబ్బా మోటారు సైకిలుకి కట్టుకుంటున్నాడు. ఎక్కడికని అడిగితే, “రిటైరయ్యింది నేనే గదే, గేదెలు కాదు గదా” అన్నాడు. చీడికాడ దాటాక కొండల మీద చిన్న చిన్న ఊళ్ళున్నాయి. వానలు పడకముందే అక్కడి పశువులకి గొంతువాపు సూదులు వెయ్యాలి. వెయ్యకపోతే మొదటి వానకే ఒక్కో కొట్టం ఖాళీ అయిపోతుంది. ఆ ఊళ్ళకి తను వెళ్ళకపోతే ఇంకెవరూ వెళ్ళరని ఆయన నమ్మకం. అది కొంత నిజం, కొంత గర్వం. ఆ గర్వంతోనే ఒకరోజు కొండదారిలో మోటారు సైకిలుతో సహా పడి జబ్బ ఎముక విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పేలోగా నేను పోరు పెట్టి పెట్టి, రెండు చక్రాల బండికి స్వస్తి చెప్పించాను.

అలా వచ్చింది ఆ కారు. విశాఖపట్నంలో ఎవరో వాడి అమ్మేసిన పాతబండి. బూడిదరంగు, ఒక పక్క తలుపు మీద గీత. దాని గొప్పతనమల్లా నాలుగు చక్రాలూ లాగడం. మామూలు కార్లకి రెండు చక్రాలే లాగుతాయట, తక్కిన రెండూ ఊరికే వెంట దొర్లుతాయట. దీనికి ముందు చక్రాల దగ్గరనుంచి వెనక చక్రాలకి బలం పట్టుకెళ్ళే పొడవాటి షాఫ్టు ఒకటి పొట్ట కింద ఉంటుంది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ నడకలో తేడా వస్తే సర్దడానికి మధ్యలో ఒక పెట్టె ఉంటుంది. బురదలో ముందువి జారితే వెనకవి నెడతాయి. అన్నయ్య ఇదంతా నాకు ఆవు పొట్ట బొమ్మ గీసి మరీ చెప్పాడు. పెట్టెని కడుపన్నాడు, షాఫ్టుని వెన్నుపూస అన్నాడు. ఆయన దృష్టిలో కదిలేదేదైనా పశువే.

కొనేముందు దాన్ని పరీక్ష చెయ్యడానికి మా ఊరి కార్ల మేస్త్రిని పిలిచాడు. అనకాపల్లి రోడ్డులో రేకులషెడ్డు వేసుకున్న మనిషి. ఆదివారం చచ్చినా షెడ్డు తియ్యడు. చర్చిలో పెద్ద. మిగతా ఆరు రోజులూ కారు కింద పడుకుని సన్నగా ఏవో కీర్తనలు పాడుకుంటూ పని చేస్తాడు. ఆయనకో పద్ధతుంది. బండి తేగానే చెయ్యి వెయ్యడు. ముందు ప్రశ్నలు. శబ్దం చల్లగా ఉన్నప్పుడు వస్తోందా, వేడెక్కాక వస్తోందా? తిన్నగా పోతుంటేనా, తిరుగుతుంటేనా? కాలు నొక్కితేనా, తీస్తేనా? జవాబులన్నీ అయ్యాకే స్పానరు పట్టుకుంటాడు. అన్నయ్యకి ఆ పద్ధతి ప్రాణం. తన రోగులు ఒక్కటీ నోరు విప్పి చెప్పవు, ఈయన రోగులకి కనీసం యజమాని ఉన్నాడని ఈర్ష్యపడేవాడు. ఆ రోజు మాత్రం వీళ్ళిద్దరూ చేసిన వైభోగం చూసి నవ్వలేక చచ్చాను. చెరకు బళ్ళు ఆగే మైదానం గానుగ ఆడని రోజులు కాబట్టి ఖాళీగా ఉంది. స్టీరింగు ఒక పక్కకి పూర్తిగా తిప్పేసి, మేస్త్రి కారుని గుండ్రంగా తిప్పుతున్నాడు. మా అన్నయ్య వెనక సీట్లో బోర్లా పడుకుని, గేదెల గుండె వినే గొట్టం కారు నేలకి ఆనించి వింటున్నాడు. గట్టు మీద నిలబడ్డ ఇద్దరు ముసలాళ్ళు, డాక్టరు బాబుకి మతి పోయిందేమో అనుకుంటూ వెళ్ళారు. పది చుట్లు తిప్పాక మేస్త్రి యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాడు. కారు ఎక్కడా పట్టెయ్యకుండా నెమ్మదిగా దొర్లుతూ పోయి ఆగింది. “నాలుగు కాళ్ళూ ఒక్కలా నడుస్తన్నాయి బాబూ, తీసుకోండి” అన్నాడు.

మరుసటి ఏడాది నేనూ మోకాళ్ళ నొప్పుల వల్ల, ఇంకా సర్వీసు ఉండగానే రిటైరయ్యాను. హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా ఆయన చెరకు రైతు, ఆయన లోకం ట్రాక్టరూ పొలమూ. ఇంట్లో నాకు తోచేది కాదు. ఒకరోజు అన్నయ్య హారను కొట్టి, ఊరికే కూర్చుని గోళ్ళు గిల్లుకునే బదులు వచ్చి పుస్తకం రాసిపెట్టమన్నాడు. ఏ ఊళ్ళో ఎన్ని పశువులకి సూది వేసిందీ రాసే పుస్తకం. అప్పుడెక్కాను ముందు సీట్లోకి. ఐసుడబ్బా కాళ్ళ దగ్గర, పుస్తకం ఒళ్ళో. ఆ కారులో ఎప్పుడూ ఫినాయిలు వాసనా, ఎండుగడ్డి వాసనా కలిసి ఉండేవి. చీడికాడ దాటి, చెరకు తోటలు వెనకబడి, ఎర్రమట్టి దారి మొదలైన చోట అన్నయ్య గొంతు మారిపోయేది. కారుతో మాట్లాడేవాడు. “రావే, రావే, అంతే” అనేవాడు, గట్టు మీంచి దిగని ఆవుతో మాట్లాడినట్టు. బురదలో చక్రాలు ఒక్కక్షణం తడబడి, వెంటనే వెనకనుంచి ఎవరో భుజం పెట్టి నెట్టినట్టు కారు పైకి లేచేది. అలా లేచినప్పుడల్లా ఆయన నావైపు చూసి కనుబొమలెగరేసేవాడు. అరవై దాటిన మనిషి. నాకు ఆ కనుబొమలే ఇప్పటికీ కలలోకొస్తాయి.

చిన్నప్పుడు మేమిద్దరం అంత చనువుగా పెరిగినవాళ్ళం కాదు. ఆయన నాకంటే ఏడేళ్ళు పెద్ద. నేను గౌను వేసుకున్నప్పటికే హాస్టలుకి వెళ్ళిపోయాడు. తరవాత నా పెళ్ళి, ఆయన ఉద్యోగం, బదిలీలు. పండక్కి చీర పెట్టడం, నేను పిండివంటలు పంపడం, అంతే మా అన్నాచెల్లెళ్ళ సంబంధం. నిజంగా మా అన్నయ్య నాకు పరిచయమైంది ఆ కారులోనే, ఆ రెండేళ్ళలోనే. అమ్మ గురించి నాకు తెలియని సంగతులు ఎన్నో ఆ మలుపుల్లో చెప్పాడు. వదిన పోయిన రోజు ఏం చేశాడో కూడా ఒకసారి చెప్పాడు, దారి మీంచి చూపు తిప్పకుండా. పై ఊళ్ళలో ఆడవాళ్ళు నాకు జీడిపప్పు గుప్పెళ్ళతో పెట్టేవారు. పుస్తకంలో తమ ఆవు పేరు కూడా రాయమనేవారు. రాసేదాన్ని. గౌరి, చుక్క, నల్లపిల్ల. గానుగ రోజుల్లో దిగి వచ్చేటప్పటికి చోడవరం మీద చక్కెర ఫ్యాక్టరీ బెల్లపుపాకం వాసన ఆవరించి ఉండేది. ఆ వాసన తగలగానే, అయ్యో అప్పుడే ఊరొచ్చేసిందే అని దిగులేసేది.

మూడో ఏడు వేసవి ముందు నేను చేసిన ఘనకార్యం గురించి చెప్పాలి. కారు టైర్లు నున్నబడిపోయాయని నాకనిపించింది. కొత్తవి వేయించమంటే అన్నయ్య వింటాడా, ఇంకో ఏడాది వస్తాయంటాడు. అందుకని ఆయన పుట్టినరోజుకి, ఆయనకి తెలియకుండా నేనే పెట్టాలనుకున్నాను. ఆ రోజు ఆయన కాలు బెణికి మంచం మీద ఉంటే, మా ఆయన చేత కారు తీయించి టైర్ల దుకాణానికి తీసుకెళ్ళాను. ఇక్కడే మా ఇంటి తెలివి పనిచేసింది. చెరకు తోలేవాళ్ళ ఇళ్ళల్లో ట్రాక్టరుకి కొత్త టైర్లంటే వెనక టైర్లే. బరువు లాగేవి అవి, అరిగేవీ అవి. ముందువి ఎవరూ పట్టించుకోరు. కాబట్టి నేను కూడా రెండే కొన్నాను, వెనక్కి వేయమన్నాను. పైగా కొండదారిలో రాళ్ళు అడుగున తగులుతున్నాయి కదా అని, ఉన్నవాటి కంటే కాస్త ఎత్తయినవి ఇమ్మని నేనే పట్టుబట్టాను. దుకాణం అతను అడిగినవి తీసి వేశాడు. విప్పిన పాతవి రెండూ మా ఆయన తీసుకుపోయి చెరకు తోలే టైరుబండికి వేయించేశారు. కారు తెచ్చి వాకిట్లో పెట్టి అన్నయ్యని లేవదీసి చూపించాను. ఆయన కొత్త టైర్ల మీద నిక్కబొడుచుకున్న రబ్బరు ముళ్ళని వేలితో తడుముతూ, “అన్న చెల్లెలికి చీర పెట్టడం ఉన్నాది గానీ, చెల్లెలు అన్నకి టైర్లు పెట్టడం ఎక్కడైనా ఉన్నాదేటే” అన్నాడు. కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి. వారం రోజులు కనిపించినవాళ్ళందరికీ ఆ టైర్లు చూపించాడు.

నెల తిరిగిందో లేదో మూలుగు మొదలైంది. మొదట మా సందు మలుపులో. తరవాత ఏ మలుపు తిరిగినా. గుండ్రంగా తిప్పితే చక్రాలు రోడ్డుని గీరుకుంటున్నట్టుండేది. కాలు తీస్తే, ఎవరో వెనకనుంచి తోక పట్టుకున్నట్టు కారు టక్కున ఆగేది. చీడికాడ దాకా వెళ్ళొచ్చేసరికి అడుగునుంచి కమురు వాసన. అన్నయ్య గుండెగొట్టం పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. ఆయనకి ఎప్పుడూ లేని కంగారు. వానలు దగ్గరికొస్తున్నాయి, సూదులు వెయ్యాలి. మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాడు. మొదటిసారి పెట్టెలో నూనె మార్చారు, నూనె నల్లగా మాడి ఉందట. రెండోసారి చక్రాల బేరింగులు విప్పి చూశారు, అవి శుభ్రంగా ఉన్నాయి. షాఫ్టు జాయింట్లు చూశారు, అవీ బాగానే ఉన్నాయి. మూడోసారి వెళ్ళేటప్పుడు నేనూ వెంట ఉన్నాను. మేస్త్రి ప్రశ్నలన్నీ మళ్ళీ మొదటినుంచి అడిగాడు. చివర్లో ఒక కొత్త ప్రశ్న అడిగాడు, ఈమధ్య బండికి కొత్తగా ఏం చేయించారు అని. అన్నయ్య నావైపు తిరిగి, ఇంటికెళ్ళి ఇద్దరికీ టీ పట్టుకురమ్మన్నాడు. షెడ్డు పక్కనే టీకొట్టు ఉంది. అయినా నాకేం అనుమానం రాలేదు. నేను ఫ్లాస్కుతో తిరిగి వచ్చేసరికి ఇద్దరూ బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఏం తేలిందని అడిగితే, చిన్నపనే, రెండ్రోజుల్లో అయిపోతుందన్నాడు అన్నయ్య.

రెండ్రోజుల తరవాత మూలుగు నిజంగానే పోయింది. సందు మలుపులో కారు వెన్నలా తిరిగింది. నేను సంబరపడి, పుస్తకం, కళ్ళజోడు సర్దుకుని వాకిట్లో నిలబడ్డాను. అన్నయ్య ఆగలేదు. చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడూ అంతే. అడిగితే వానలన్నాడు, దారి బాగోలేదన్నాడు, పుస్తకం తనే రాసుకుంటున్నానన్నాడు. ఇంతలో బస్సులో కలిసిన చీడికాడ మనిషి ఒకావిడ, మీ అన్నగారు కారు కొండ కింద పెట్టి ఐసుడబ్బా భుజాన వేసుకుని నడిచి ఎక్కుతున్నారే అని చెప్పింది. నడకా? ఆ కొండా? నాకు వేరే అర్థం తట్టలేదు. నా మోకాళ్ళ నొప్పులతో, నా కబుర్లతో విసిగిపోయాడు, ఒంటరిగా నడవడం హాయిగా ఉంది, నన్ను దింపెయ్యడానికి మొహమాటపడుతున్నాడు అనుకున్నాను. ఆ సాయంత్రమే వెళ్ళి అడిగేశాను. నేనంటే విసుగొచ్చిందా అన్నాను. ఆయన కాళ్ళకి బురద కడుక్కుంటున్నాడు. తల ఎత్తకుండా, “నీ మోకాళ్ళకి కొండెందుకే” అన్నాడు. ఆ మాట నాకు సూదిలా దిగింది. చెప్పులేసుకుని వచ్చేశాను.

రెండు నెలలు మాట్లాడలేదు. జూన్ సగం నుంచి ఆగస్టు సగం దాకా. అలకంటే మళ్ళీ తిండి మానిపించే అలక కాదు. నువ్వుగుండ వేసిన వంకాయ కూర ఆయనకిష్టమని వండి, కారేజీలో పెట్టి మా ఆయన చేత పంపేదాన్ని, ఒక్క మాట కూడా చెప్పి పంపకుండా. ఆయన ఆ కారేజీ శుభ్రంగా తోమి, అందులో కొండ అల్లమో, నాలుగు పనసగింజలో వేసి తిప్పి పంపేవాడు, ఆయనా ఏమీ చెప్పకుండా. మధ్యలో మా ఆయన, మీ ఇద్దరి పోస్టుమాన్ ఉద్యోగం నావల్ల కాదని విసుక్కునేవారు. శ్రావణంలో నా వ్రతం రోజున అన్నయ్య సీతాఫలాలు పట్టుకుని తనే వచ్చాడు. చిక్కిపోయాడు, మొహం నల్లబడింది. మాట్లాడుకున్నాం. అన్నీ మాట్లాడుకున్నాం, కొండ ఊసు తప్ప. ఆయన ఎత్తలేదు, నేను అభిమానం కొద్దీ అడగలేదు. ఆయన ఉండగా మళ్ళీ ఆ సీట్లో కూర్చోలేదు. కార్తీకంలో ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి పడక్కుర్చీలో నడుం వాల్చిన మనిషి మరి లేవలేదు.

కారు ఏడాదిన్నర ఆయన వాకిట్లోనే ఉండిపోయింది. అమ్మెయ్యమని అందరూ అన్నారు. ఆఖరికి రావికమతం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. మడి గట్ల మీద తిరగడానికి నాలుగు చక్రాలూ లాగే బండి కావాలన్నాడు. తడిపొలంలో దింపి చూసుకుంటానని పట్టుకెళ్ళి, ట్రాక్టరుతో లాగించుకుని తిరిగి తెచ్చాడు. ముందు రెండు చక్రాలే లాగుతున్నాయమ్మా, వెనకవి ఉత్తినే ఉన్నాయి అన్నాడు. నాకు కోపం వచ్చింది. మా అన్నయ్య కారుకి వంక పెడతావా అని, అప్పటికప్పుడు మేస్త్రి షెడ్డుకి పట్టించాను. ఆ రైతుని కూడా రమ్మన్నాను, విని సిగ్గుపడతాడని. మేస్త్రి ఈసారి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కారు కిందకి కూడా దూరలేదు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ఆ రైతుని టీ తాగి రమ్మని పంపించేశాడు.

“షాఫ్టు నేదమ్మా దీనికి. నానే తీసేను. బాబు తియ్యమంటేనే తీసేను” అన్నాడు. షెడ్డు మూల గోనెసంచీలో చుట్టి పెట్టిన పొడవాటి ఇనపగొట్టం చూపించాడు.

ఎందుకు తీశావని అడిగాను. సుద్దముక్క తీసి ముందు టైరు నేలకి ఆనిన చోట టైరు మీదా నేల మీదా గీత పెట్టాడు. కారుని చేత్తో నెట్టి, టైరు మీది గీత మళ్ళీ నేలకి వచ్చేదాకా దొర్లించాడు, అక్కడో గీత. ఆ రెండు గీతలకీ మధ్య పురికొస పరిచి తెంపాడు. వెనక టైరుకీ అలాగే చేసి, ఇంకో పురికొస. రెండూ తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. వెనక టైరుది ముందుదానికంటే మూడు వేళ్ళ మందం పొడుగుంది. “ఒక్క చుట్టుకి మూడు వేళ్ళు తేడా. ఆ పెట్టె మలుపులో కాసేపు సర్దుద్ది గానీ, రోజల్లా సర్దమంటే అది మాత్రం ఏటి సేస్తాదమ్మా, కాలిపోనాది. చీడికాడెళ్ళి వొచ్చేసరికి ఎన్ని చుట్లో మీరు లెక్కల టీచరు, కట్టుకోండి” అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు పిల్లలకి వృత్త పరిధి చెప్పాను. గాజు చుట్టూ దారం చుట్టించి, విప్పించి, స్కేలు మీద పెట్టి కొలిపించాను. గాజు పెద్దదైతే దారం పొడుగవుతుందని బల్ల గుద్ది చెప్పాను. ఆ నేనే, ఎత్తయిన టైర్లు ఏరి ఏరి వెనక్కి వేయించి, మా అన్నయ్య బండి కడుపు కాల్చాను. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. పాతవి తిరిగి వేసుకోవచ్చు కదా అన్నాను. అవి అప్పటికే టైరుబండికి ఎక్కేశాయి, పైగా పెట్టె కాలిపోయాక ఏ టైర్లు వేసినా లాభం లేదన్నాడు. పాత పెట్టె ఎక్కడైనా దొరుకుతుందేమో వెతుకుతాను, వానలయ్యాక నాలుగూ ఒకే సైజు వేసి బిగిద్దాం అనుకున్నారట ఇద్దరూ. అందాకా షాఫ్టు తీసేస్తే ముందు చక్రాలతో ఊళ్ళో తిరుగుతుంది, కొండ మాత్రం ఎక్కదు. మరి నాకెందుకు చెప్పలేదన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

“సెప్పనాకు అన్నారమ్మా. ముచ్చటపడి పెట్టింది, తనవల్లే పాడయ్యిందని తెలిస్తే కుమిలిపోద్ది అన్నారు. ఒట్టెయ్యమన్నారు. ఒట్లు నాను ఎయ్యను, మాటిచ్చేను. ఇప్పుడు బాబు నేరు, బేరం సెడిపోతన్నాది, అందుకే మాట తప్పేను” అన్నాడు మేస్త్రి, తలొంచుకుని.

నన్ను ఎక్కించుకుంటే కొండ కింద కారు ఆపాలి. ఆపితే ఎందుకని అడుగుతాను. అందుకని నన్నే ఆపేశాడు. అరవై రెండేళ్ళ వయసులో ఐసుడబ్బా భుజాన వేసుకుని, వానల్లో, జారే మట్టిలో, ఊరు తరవాత ఊరు నడిచి ఎక్కాడు. ఆ కొండ ఎక్కడం వల్లే పోయాడని నేననను, డాక్టర్లు కూడా అనలేదు. కానీ ఎక్కినన్ని రోజులూ ఒంటరిగా ఎక్కాడు. నేను ఇంట్లో కూర్చుని, నేనంటే విసుగొచ్చిన మనిషి మీద అలిగి, వంకాయలు తరుక్కున్నాను.

పెట్టె దొరకడానికి మేస్త్రికి ఇంకో మూడు నెలలు పట్టింది. నాలుగు టైర్లూ ఒకే సైజువి వేయించి, షాఫ్టు బిగించాడు. కొండెక్కే బండిని వాకిట్లో కట్టేసి చూసుకోవడం అన్నయ్యకి నచ్చని పని, అందుకని రావికమతం రైతుకే ఇచ్చేశాను. ఇచ్చేముందు ఒక్కసారి కొండ మీదకి తోలి చూడాలన్నాడు మేస్త్రి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎర్రమట్టి దారి అలాగే ఉంది. ఒక చోట ముందు చక్రాలు తడబడ్డాయి, వెనకవి నెట్టాయి, కారు లేచింది. మేస్త్రి దారి చూస్తున్నాడు, అతను కనుబొమలెందుకెగరేస్తాడు? నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

పై ఊళ్ళో మొదటి ఇంటి ముసలమ్మ నన్ను గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది. అన్నయ్య పోయిన సంగతి వాళ్ళకి ఎప్పుడో తెలుసు. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి మెల్లిగా చెప్పింది. “ఆ యేడు బాబు వొచ్చినప్పుడల్లా అడిగేం, టీచరమ్మని తేలేదేటని. బండికి ఒంట్లో బాగోనేదు, బాగవ్వగానే తీసుకొస్తానన్నాడు. ప్రెతీసారీ అదే మాట. ఆఖరిసారి కూడా అదే సెప్పి దిగేడు.”

 ఆయన నన్ను ఒక్కరోజు కూడా దింపెయ్యలేదు, బాగుచేసి ఎక్కించుకుందామనుకున్నాడు. అలిగి దిగిపోయింది నేనే. పోయిన కాలం తిరిగి రాదని ఈ వయసులో ఇంకొకరు చెప్పాలా, నాకూ తెలుసు. నాకు కాలమంతా తిరిగి అక్కర్లేదు, చిన్నతనమూ అక్కర్లేదు, కొండ మీద ఊరేగిన ఆ రెండేళ్ళూ అక్కర్లేదు. మనిషి రెండు వీధుల అవతల ప్రాణంతో ఉండగా నేనే వద్దనుకుని వదిలేసిన రెండు నెలలున్నాయి, అవి ఇస్తే చాలు.